లడ్లో సంతలో ఆదిశేషు చెయ్యి

ఏం పని చేస్తారని డెట్రాయిట్ శివారు ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఎవరైనా అడిగితే, ఫెడరల్ గవర్నమెంట్ ఉద్యోగం అనేవాడు ఆదిశేషు. అది అబద్ధం కాదు. ఏ శాఖ అంటే వ్యవసాయ శాఖ అనేవాడు. అదీ అబద్ధం కాదు. మూడో ప్రశ్న ఎవరూ వెయ్యలేదు. కార్ల కంపెనీల ఇంజనీర్లు, ఆసుపత్రుల డాక్టర్లు కూడిన చోట వ్యవసాయ శాఖ గురించి తెలుసుకోవాలన్న కోరిక ఎవరికీ ఉండదు.

అతను పశువుల డాక్టరు. తిరుపతిలో చదివాడు. పొదిలి పశువుల ఆసుపత్రిలో ఏడేళ్ళు పనిచేసి, పంతొమ్మిది వందల డెబ్భై ఒకటిలో అమెరికా వచ్చాడు. బయటిదేశపు డిగ్రీతో ఇక్కడ వైద్యం చెయ్యనివ్వరు. దానికి పరీక్షలున్నాయి. ఆ డిగ్రీకి వెంటనే దొరికిన ఉద్యోగం ఒక్కటే, కబేళాలో తనిఖీ. డెట్రాయిట్‌లోని ఒక కబేళాలో పదకొండేళ్ళుగా, పొద్దున్న ఆరింటినుంచి, గొలుసుకి వేలాడుతూ వచ్చే పశువులను ఒకదాని తర్వాత ఒకటి చూసి, తినడానికి ఏది పనికొస్తుందో ఏది రాదో తేల్చేవాడు. పుట్టి బుద్ధెరిగి మాంసం ముట్టనివాడు. గుడ్డు కూడా తినడు.

ఇంటికి రాగానే ముందు బేస్‌మెంట్‌లోకి దిగి స్నానం చేసేవాడు. అతని బట్టలు రాధారాణి విడిగా ఉతికేది. ఆ సంగతి భార్యాభర్తలిద్దరూ ఎన్నడూ మాట్లాడుకోలేదు. తెలిసినవాళ్ళ ఇళ్ళలో భోజనాలకు వెళ్ళినప్పుడు ఆమె అతని పక్కనే కూర్చునేది, ఎవరైనా ఆ మూడో ప్రశ్న వేస్తే మాట మార్చడానికి.

రాత పరీక్షలు అతను ఎప్పుడో గట్టెక్కాడు. మిగిలింది ప్రాక్టికల్. ఎనభై ఒకటిలో వెళ్ళాడు. కడుపుతో ఉందో లేదో, చూడిదో కాదో చెప్పమని ఒక ఆవును చూపించారు. మోచేతిదాకా తొడుగు వేసుకుని వెనకనుంచి లోపలికి చెయ్యి పెట్టాడు. ఆవు కాలు మార్చుకుంది, అంతే. ఆదిశేషు చెయ్యి లాగేసుకున్నాడు. పరీక్ష పెట్టేవాడు ఓపిగ్గా నిలబడ్డాడు. రెండోసారీ అదే జరిగింది. పదేళ్ళుగా అతని చేతికింద ఏ పశువూ కదల్లేదు. కదిలేదాన్ని ముట్టుకోవడం ఎలాగో ఆ చెయ్యి మరిచిపోయింది.

ఇంకొక్క అవకాశం ఉంది, ఎనభై మూడు సెప్టెంబరులో. అదీ పోతే మళ్ళీ రాతపరీక్షల నుంచి మొదలు. అప్పటికి నలభై మూడో ఏడు వస్తుంది. మళ్ళీ మొదలుపెట్టే ఓపిక తనకు లేదని అతనికి తెలుసు. ఆ పరీక్ష తప్పితే జన్మంతా కబేళాయే.

ఆ ఏడు మొదట్లో, చలికాలంలో ఒకరోజు పక్కింటి పిల్ల, కుంటుతున్న కుక్కను ఎత్తుకుని వచ్చింది. మా డాడీ యానిమల్ డాక్టర్ అని అతని కూతురు విద్య బడిలో చెప్పుకుందిట. లైసెన్సు లేదు, నేను చూడకూడదు అన్నాడు ఆదిశేషు. అది నిజమే. కాని తొమ్మిదేళ్ళ విద్య, తండ్రి చేతులు రెండూ వెనక్కి కట్టుకోవడం చూసింది. పక్కింటి పిల్ల వెళ్ళిపోయాక మెల్లిగా అడిగింది.

"డాడీ, నీకు భయమా?"

ఆ వారంలోనే అతను నరసింహకు ఉత్తరం రాశాడు. నరసింహ తిరుపతిలో సహాధ్యాయి. ఇంగ్లండు వెళ్ళి, అక్కడి పరీక్షలు ప్యాసై, లడ్లో అనే ఊళ్ళో పశువుల డాక్టర్ల దగ్గర పనిచేస్తున్నాడు. జవాబు నీలం ఏరోగ్రామ్ మీద నాలుగు ముక్కల్లో వచ్చింది: ఒరేయ్, సెలవు పెట్టి ఐదు వారాలు రా. ఇక్కడ నువ్వు చెయ్యి పెట్టనంటే ఆవులు ఊరుకోవు.

మే నెలాఖరున ఆదిశేషు లడ్లోలో దిగాడు.

ఊరు గుట్టమీద ఉంది. ఒక కొసన శిథిలమైన రాతికోట. కోట ముందు బజారు. అక్కడ ఎనిమిది వందల ఏళ్ళుగా సంత జరుగుతోందని చెప్పారు. నల్లకర్రల చట్రాల మధ్య తెల్లసున్నం వేసిన ఇళ్ళు, వయసు మీదపడి కాస్త ముందుకు వంగి నిలబడ్డాయి. వెడల్పాటి వీధి ఒకటి ఏటివైపు దిగుతుంది. దారిలో పాతకోట ద్వారం, ఆ ద్వారం నెత్తిన ఒక ఇల్లు, ఆ ఇంట్లో మనుషులు. ఆదిశేషు గది ద్వారానికి దిగువన, ఒక ముసలావిడ ఇంట్లో.

ఫార్మింగ్టన్ హిల్స్‌లో పాలప్యాకెట్‌కు కూడా కారు తియ్యాలి. ఊరెక్కడ అని అడిగితే ఎటు చెయ్యి చూపాలో తెలియదు. ఇక్కడ ఊరు ఎక్కడుందో కళ్ళు మూసుకున్నా తెలుస్తుంది. రొట్టె కోసం ఒక వీధి ఎక్కడం, ఉత్తరం వెయ్యడానికి ఇంకో వీధి దిగడం. మూడో రోజుకి రొట్టెల దుకాణంలో అతన్ని గుర్తుపట్టారు. సోమవారం పశువుల సంత. పొద్దున్నే ఆవుల అరుపులు, పేడ వాసన, రైతుల కేకలు. పొదిలిలోనూ వారానికొకసారి ఇలాగే ఉండేది. ఊరికి సంత ఎందుకో అతనికి ఎవరూ చెప్పనక్కర్లేదు. కాని పొదిలి ఆదిశేషు వేరు.

గుడ్డు కూడా తినడని విని ఇంటావిడ ఒక పూటంతా ఆలోచించి, బంగాళాదుంపలు, రొట్టెమీద చిక్కుళ్ళు పెట్టడం మొదలెట్టింది. అతని ఉద్యోగం సంగతి నరసింహ ఆవిడ దగ్గర నోరుజారాడు. మాంసం తినని మాంసం ఇన్‌స్పెక్టరా, అయితే నమ్మొచ్చు, మంచి ముక్క ఇంటికి పట్టుకుపోడు అందిట ఆవిడ. నరసింహ అది చెప్పి పకపకా నవ్వాడు. ఆదిశేషుకి నవ్వు రాలేదు. మనవాళ్ళ దగ్గర మాత్రం ఈ మాట అనకు అన్నాడు.

మొదటి వారం నరసింహ అతన్ని ప్రోసర్ అనే రైతు దగ్గరికి తీసుకువెళ్ళాడు. ప్రోసర్ అరవై దాటినవాడు. ఎర్రటి ఒళ్ళు, తెల్లటి మొహం ఉండే ఆ ప్రాంతపు ఆవులు డెబ్భై దాకా ఉన్నాయి. జ్వరంతో ఉన్న ఒకదాన్ని చూడమన్నారు. ఆదిశేషు ముందుకెళ్ళి దవడకింద తడిమాడు. తర్వాత నాలుక, తర్వాత గొంతు, తర్వాత భుజం ముందున్న గ్రంథులు, తర్వాత డొక్క. ఒక్కటీ వదల్లేదు. చెయ్యి దానంతటది వరసగా పోతోంది. ప్రోసర్ గేటుమీద మోచేతులు ఆనించి చివరిదాకా చూశాడు.

"డాక్టరుగారూ, అది ఇంకా బతికే ఉందండీ."

అప్పుడు తెలిసింది ఆదిశేషుకి. ఆ వరస కబేళా వరస. జ్వరం చూడలేదు. ఊపిరి వినలేదు. ఆవు మొహంవైపైనా చూడలేదు.

నరసింహ ఆ మాట మూడు రోజులపాటు తలుచుకుని తలుచుకుని నవ్వాడు. రెండో వారంలో ఒక కోడెదూడ తన్నితే ఆదిశేషు తొడ నల్లగా కమిలింది. మూడో వారంలో చూడి పరీక్షకు నిలబెట్టిన ఆవులో చెయ్యి పెట్టి, అది మూలిగేసరికి మళ్ళీ లాగేసుకున్నాడు. ఆరోజు నరసింహ నవ్వలేదు. కారులో తిరిగొస్తూ, దారివైపే చూస్తూ అన్నాడు.

"నీ చెయ్యి చెడిపోయిందిరా ఆదీ. చచ్చినవాటిని చూసీ చూసీ."

ఆదిశేషు అనుమానమూ అదే. ఆ సాయంత్రం బజారులోని టెలిఫోను పెట్టెలోంచి రాధారాణికి ఫోన్ చేసి, టికెట్ ముందుకి మార్పించుకుని వచ్చేస్తానన్నాడు. ఆమె కారణం అడగలేదు.

"పరీక్ష పోతే పోనీండి. ఉంటానన్నన్ని రోజులు ఉండి రండి. సగంలో వచ్చేస్తే దానికి ఏం చెప్పను?"

దానికి అంటే విద్యకి. అతను ఉండిపోయాడు.

నాలుగో సోమవారం సంతకు నరసింహ వెంట వెళ్ళాడు. స్టేషను దగ్గర ఇనపగొట్టాల దొడ్లు వరసగా ఉన్నాయి. ఒక పక్క గొర్రెలు, ఒక పక్క దూడలు, చివరి వరసలో పనికిరావని తేల్చిన ఆవులు. వాటి వెన్నుమీద అంకె వేసిన కాగితం అంటించి ఉంటుంది. వేలం పాట అయితే అవి తిన్నగా కబేళాకే. ఆదిశేషు కాళ్ళు తెలియకుండానే ఆ వరసలోకి నడిచాయి. సంత మొత్తంలో అతనికి అలవాటైన చోటు అదొక్కటే.

అక్కడ ప్రోసర్ ఉన్నాడు. మూడు ఆవులు తెచ్చాడు. మొదటిది తొమ్మిదేళ్ళది. ఆబోతుకు కట్టించినా చూడి నిలవలేదు, గొడ్డుపోయింది అన్నాడు. మార్చిలో నరసింహ చెయ్యి పెట్టి చూసి ఖాళీ అని చెప్పాడు కూడా.

ఆదిశేషు దాన్ని చూస్తూ నిలబడ్డాడు. కుడి డొక్క కిందిభాగం అతనికి నచ్చలేదు. ఫలానా అని చెప్పడానికి ఏమీ లేదు. కాని కబేళాలో గొడ్డుపోయినవని పంపిన ఆవుల కడుపులు బల్లమీద తెరిచినప్పుడు కొన్నిట్లో దూడలుండేవి. రెండో నెలవి, నాలుగో నెలవి, వెంట్రుకలు మొలిచినవి. రూలు ప్రకారం గర్భసంచిని చేత్తో తడిమి చూడాలి. చూసేవాడు. రూలుకు కావలసినంతసేపే చూసి తొట్టిలోకి తోసేవాడు. ఈ ఒక్క సంగతి రాధారాణికి కూడా చెప్పలేదు.

తను ఒకసారి చూస్తానన్నాడు.

నరసింహ అతన్ని పక్కకు లాగాడు. చుట్టూ రైతులు. అందుకని తెలుగులోనే, పళ్ళబిగువున అన్నాడు.

"ఒరేయ్, దీన్ని నేను చూశాన్రా. పదిమందిలో నా పరువు తియ్యకు."

"తప్పయితే పోయేది నాదేగా."

"నీదేముందిక్కడ పోవడానికి? నువ్వు ప్లేనెక్కి పోతావు. నేను రేపు వీళ్ళ దొడ్లోకి వెళ్ళాలి."

అదీ నిజమే. ఆదిశేషు రెండు వైపులా లెక్కేసుకున్నాడు. దూడ ఉందని చెప్పి లేకపోతే, ప్రోసర్ ఆ ముసలావును ఇంకో ఏడాది ఊరికే మేపాలి. నరసింహ మాటకు ఊళ్ళో విలువ పోతుంది. నోరు మూసుకుంటే ఆవు సాయంత్రానికి గొలుసుమీద ఉంటుంది. దాని కడుపులో ఏముందో ఇంకో ఊళ్ళో ఇంకో ఇన్‌స్పెక్టరు చూస్తాడు. తనలాగే తొట్టిలోకి తోస్తాడు.

"చూడనీరా," అన్నాడు. "లేకపోతే ఇక్కడినుంచే డెట్రాయిట్ పోతాను. మళ్ళీ పరీక్ష ఊసెత్తను."

నరసింహ అతని చెయ్యి వదిలేశాడు. ప్రోసర్ గడియారం చూసుకున్నాడు. ఆ వరస పాటకు ఇరవై నిమిషాలుంది. అది బతికే ఉందని గుర్తుంటే చూసుకోండి అన్నాడు.

ఆవును ఇనపచట్రంలోకి తోలారు. ఆదిశేషు కోటు విప్పి, భుజందాకా తొడుగు వేసుకుని, సబ్బునీళ్ళు రాసుకున్నాడు. ఈసారి ముందు దాని మొహం దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. పొదిలిలో చేసినట్టు గంగడోలు నిమిరాడు. తర్వాత వెనక్కి వచ్చి చెయ్యి పెట్టాడు.

గర్భసంచి ఉండవలసిన చోట ఏమీ లేదు. ఖాళీ. నరసింహ చెప్పిన మాటే. ఆవు బరువు ఒక కాలుమీదనుంచి ఇంకో కాలుమీదికి మార్చుకుంది. ఆదిశేషు భుజం బిగుసుకుంది. లాగేసుకునే క్షణం అదే. కాని అప్పటికే వేళ్ళకు ఒకటి తగిలింది. కటిఎముక అంచుమీదుగా గర్భసంచి మెడ బిగుతుగా సాగి ఉంది, నూతిలోకి వదిలిన బొక్కెన తాడులాగా. అది అతనికి తెలుసు. బల్లమీద వెయ్యిసార్లు చూశాడు. తాడు అలా బిగిసిందంటే బొక్కెన ఎక్కడికీ పోలేదు. బరువెక్కి కిందికి జారింది.

చెయ్యి తాడు వెంట వెళ్ళింది. మోచెయ్యి దాటింది. భుజందాకా పోయింది. చెంప ఆవు వెన్నుకు ఆనింది. ఆవు మళ్ళీ కదిలింది. చెయ్యి దానితోపాటే కదిలింది. ఎముక అంచు దాటి కిందికి, ఇంకా కిందికి. వేళ్ళ కొసలకు బుడిపెలు తగిలాయి. ఒకటి, దాని పక్కన ఇంకొకటి. పెద్ద ఉసిరికాయంత. ఏ నెలలో ఎంత ఉంటాయో అతను లెక్కపెట్టుకోనక్కర్లేదు. ఐదో నెల.

అంతటితో చెయ్యి తీసేయవచ్చు. తియ్యలేదు. ఒక పక్కగా వేలికింద రక్తనాళం దొరికింది. అది కొట్టుకోవడం లేదు, జుమ్మంటోంది. నీళ్ళు పారుతున్న రబ్బరు గొట్టాన్ని పట్టుకున్నట్టుంది. దూడకు రక్తం పోయే దారి అది. మిగిలినవన్నీ బల్లమీద చూడవచ్చు. ఇది మాత్రం బల్లమీద ఉండదు. పొదిలిలో రోజూ వేళ్ళకు తెలిసేది. పన్నెండేళ్ళుగా అలాంటిదొకటి ఉందన్న సంగతే మరిచిపోయాడు. కళ్ళు మూసుకుని, దాన్ని అలాగే పట్టుకుని నిలబడ్డాడు.

"ఏంట్రా?" అన్నాడు నరసింహ.

"చూడిదే. ఐదో నెల."

"కాదు."

"నువ్వే చూడు. పైపైన వెతక్కు. ఎముక దాటి కిందికి పో."

నరసింహ కోటు విప్పాడు. చెయ్యి పెట్టి, ఎముక దాటి కిందికి వెతికాడు. వేలం పాడేవాడి గొంతు పక్క వరసదాకా వచ్చేసింది. నరసింహ చెయ్యి తీసి, తొడుగు విప్పి, ప్రోసర్ దగ్గరికి వెళ్ళాడు. మార్చిలో తను పొరపడ్డానన్నాడు. ఆరోజు నలభై ఆవులు చూశాను, దీన్ని తొందరలో చూసి ఉంటాను అన్నాడు. ఆ మాట మెల్లిగా అనలేదు. చుట్టుపక్కల రైతులకు వినిపించేలాగే అన్నాడు.

ప్రోసర్ ఆ ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. బొటనవేలు తడిచేసుకుని, ఆవు వెన్నుమీది కాగితం ఒక మూలనుంచి నెమ్మదిగా ఒలిచాడు. థాంక్స్ చెప్పలేదు. ఆదిశేషువైపు తిరిగి, మిగిలిన రెండూ కూడా చూడమన్నాడు.

చూశాడు. రెండూ ఖాళీయే. ఆ సంగతే చెప్పాడు. అవి రెండూ పాటలోకి వెళ్ళాయి. అవి వెళుతుంటే ఆదిశేషు తల తిప్పుకోలేదు.

మధ్యాహ్నం కోట ముందు బెంచీమీద ఇద్దరూ కూర్చుని రొట్టె తిన్నారు. ఎలా కనిపెట్టావురా అని నరసింహ అడిగాడు. ఆదిశేషు చెప్పాడు. బల్ల గురించి, తొట్టి గురించి, పదకొండేళ్ళ గురించి. మొదట ఒక్కో మాటా తడుముకుంటూ, తర్వాత ఆగకుండా. నరసింహ రొట్టె చేతిలోనే ఉండిపోయింది.

"చెయ్యి చెడిపోయిందన్నాను చూడు," అన్నాడు చివరికి. "తప్పుగా అన్నాను. నేను ఇరవై ఏళ్ళు తడిమినా, లోపల ఎలా ఉంటుందో కళ్ళతో చూసింది ఎన్నిసార్లు? నువ్వు రోజూ చూశావు. నీకు తెలియందల్లా అది కదులుతుందని."

"తెలుసు," అన్నాడు ఆదిశేషు. "మరిచిపోయాను."

మిగిలిన రోజుల్లో ఆదిశేషు అరవై రెండు ఆవులను చూశాడు. రెండింటి విషయంలో పొరపడ్డాడు. ఒకటి మళ్ళీ తన్నింది. చెయ్యి మాత్రం వెనక్కి రాలేదు. ఊరినుంచి బయలుదేరే ముందురోజు బజారుకు వెళ్ళి విద్యకు ఉన్ని చేతితొడుగులు, రాధారాణికి ఒక శాలువా కొన్నాడు. దుకాణంలో నిలబడిన ఒక రైతు అతన్ని పలకరించి, తన కుక్క చెవి గురించి పావుగంట అడిగాడు. ఆదిశేషు వంగి కుక్క చెవి పట్టుకుని చూసి, నరసింహ దగ్గరికి తీసుకెళ్ళమన్నాడు.

సెప్టెంబరు పరీక్షలో నల్లమచ్చల పాడి ఆవును ఇచ్చారు. చెయ్యి పెట్టగానే అది తోక విసిరి పక్కకు జరిగింది. ఆదిశేషు దానితోపాటు జరిగాడు. ఎన్నో నెల అని అడిగారు. ఏడో నెల మొదట్లో అన్నాడు. అంత కచ్చితంగా ఎలా చెప్పగలుగుతున్నారు అని అడిగాడు పరీక్ష పెట్టేవాడు.

ఆదిశేషు చెయ్యి ఇంకా లోపలే ఉంది. అలాగే నిలబడి, పదకొండేళ్ళుగా కబేళాలో ఇన్‌స్పెక్టరుగా చేస్తున్నానని, ఏ నెలలో ఎలా ఉంటుందో అక్కడ చూశానని చెప్పాడు. తెలియనివాళ్ళ దగ్గర ఆ మాట అనడం అదే మొదటిసారి. పరీక్ష పెట్టేవాడు తల ఊపి, కాగితం మీద ఏదో రాసుకుని, రెండో ఆవును తెమ్మన్నాడు.

నవంబరులో ఉత్తరం వచ్చింది. రాధారాణి మెయిల్‌బాక్స్ దగ్గరే చింపి చదివింది. కోటు వేసుకోలేదు, మంచు పడుతోంది. లోపలికి వచ్చి, ప్యాసయ్యారంటూ అతనికిచ్చి, ఫోన్ దగ్గర కూర్చుంది. ముందు జానకీదేవిగారికి చేసింది. ఊళ్ళోని తెలుగువాళ్ళలో సగంమంది ఇళ్ళలో భోజనాలు ఏర్పాటుచేసేది ఆవిడే. అవతలినుంచి ఇన్నాళ్ళూ ఏం చేసేవారూ, ఇకమీదట ఏం చేస్తారూ అని అడుగుతున్నట్టుంది. ఆదిశేషు వంటింటి గుమ్మంలో నిలబడి వింటున్నాడు.

"ఇన్నాళ్ళూ కబేళాలో చేశారండీ," అంటోంది రాధారాణి. "అవునండీ, కబేళాలోనే. డెట్రాయిట్‌లో. ఆ... పదకొండేళ్ళు. లేదండీ, మావారు గుడ్డు కూడా తినరు. ఇప్పుడింక ఉత్తరాన పాడిపశువులున్న ఊళ్ళో పని చూసుకుంటారు. వస్తామండీ, ఆదివారం తప్పకుండా వస్తాం. అడగండి, ఆయన్నే అడగండి, అన్నీ చెబుతారు."